నేల మీద పటం వేస్తే ఉత్తరాన్ని ఉత్తరానే పెట్టండి

బడి ఆవరణలో గచ్చు మీద ఇండియా పటం వేయించే సార్లకూ మేడమ్‌లకూ ఒక విన్నపం. కాశ్మీరాన్ని స్టేజీ వైపు పెట్టొద్దు. ఫొటోలో తిన్నగా కనిపించాలని గేటుకు ఎదురుగా అసలే పెట్టొద్దు. కాశ్మీరం ఉత్తరాన ఉంది, నేల మీద కూడా ఉత్తరానే ఉండాలి. ఈ ఒక్కటి తప్పుగా పడితే అంత రంగూ అంత శ్రమా పోసి గోడ పటాన్నే తెచ్చి నేల మీద పరిచినట్టు.

గోడ పటాలు చూసి చూసి పిల్లల మనసులో ఉత్తరమంటే పైన, దక్షిణమంటే కింద అని నాటుకుపోతుంది. అందులోంచి ఏర్లన్నీ పటంలో కిందికే పారాలన్న పొరపాటు పుడుతుంది. మన స్వర్ణముఖి శ్రీకాళహస్తి దగ్గర ఉత్తరానికి మళ్ళుతుంది. అక్కడ అది ఉత్తరవాహిని అని గుడికెళ్ళే అవ్వలకు కూడా తెలుసు. గోడ మీద చూస్తే మాత్రం నీళ్ళు పైకి ఎక్కినట్టుంటుంది. నేల మీద ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. తూర్పుకు నడిచిన పిల్ల ఎడమ చేతి వైపు తిరుగుతుంది, అంతే. తిరుపతి పిల్లలకైతే దిక్సూచి కూడా అక్కర్లేదు. తలెత్తితే శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన గోడ కట్టినట్టు కనిపిస్తాయి. పటంలో తిరుపతి చుక్క మీద నిలబడి కొండ వైపు చూస్తే కాశ్మీరం కూడా అటే ఉండాలి. అలా ఉన్నప్పుడే ఈ గీతలు తమ ఊరివేనని పిల్లలకు తెలుస్తుంది.

ఉత్తరం పట్టడానికి ఫోన్‌ని నమ్మొద్దు. గచ్చులో ఇనుప కడ్డీలు, పక్కన ఇనుప గేటు ఉంటే ముల్లు పక్కకు లాగుతుంది. పక్కన మట్టిలో మీటరు కర్రను తూకం చూసి నిట్టనిలువుగా పాతండి. ఉదయం పదిన్నరకు నీడ కొస దగ్గర గుర్తు పెట్టి, కర్ర మొదలు నుంచి అంత పొడవు తాడుతో వలయం గీయండి. మధ్యాహ్నం నీడ కురచై, మళ్ళీ సాగి వలయాన్ని తాకిన చోట రెండో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమరల గీత, దానికి లంబం ఉత్తర దక్షిణాలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మనం ఉన్నది పదమూడున్నర డిగ్రీల అక్షాంశం మీద. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడుమ దాకా సూర్యుడు మనకు ఉత్తరంగా పోతాడు, మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. నీడ చూపిందే ఉత్తరమనుకుంటే జూన్‌లో పటం తలకిందులే. ఉదయం పెట్టిన గుర్తు పడమటిది, అది ఏ నెలలోనూ మారదు. దాన్ని ఎడమ చేతి వైపు ఉంచుకుని నిలబడితే ఎదురుగా ఉన్నది ఉత్తరం.

ఇక కొలత. 1 సెంటీమీటరుకు 5 కిలోమీటర్లు పెట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది. దేశపు ప్రధాన భూభాగం ఉత్తర దక్షిణాలుగా 3,214 కి.మీ., అంటే 6 మీటర్ల 43 సెం.మీ. తూర్పు పడమరలు 2,933 కి.మీ., అంటే 5 మీటర్ల 87. సర్వే ఆఫ్ ఇండియా సరిహద్దులున్న పటాన్నే తీసుకోండి. ఎక్కడో దొరికిన బొమ్మలో కాశ్మీరం తెగి ఉంటే అది చట్టరీత్యా కూడా నేరం. దాన్ని ఏ3 కాగితం మీద కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా నిలువు 25.7 సెం.మీ. వచ్చేలా ప్రింటు తీసి 2 సెం.మీ. గడులు గీయండి. నేల మీద ఒక్కో గడి 50 సెం.మీ. ప్రింటరు కాగితానికి సరిపెట్టాలని బొమ్మను తనంతట తానే కుదిస్తుంది, కాబట్టి ప్రింటు చేతికి రాగానే స్కేలు పెట్టి కొలవాల్సిందే.

అడ్డం 12 గడులు, నిలువు 14. పదమూడు చాలనుకుంటారు, చాలవు. కన్యాకుమారి ప్రధాన భూభాగానికే కొస. నికోబార్‌లోని ఇందిరా పాయింట్ ఇంకా దక్షిణాన, 6 డిగ్రీల 45 నిమిషాల దగ్గర ఉంది. పదమూడో వరుసతో ఆపితే అది పటం బయట పడుతుంది, ఆనక క్యాలెండర్లలోలాగా అండమాన్లను ఒక మూల డబ్బాలో కుక్కుతారు. 7 మీటర్లు, 6 మీటర్ల దీర్ఘచతురస్రానికి మూలలు మేస్త్రీల 3-4-5 లెక్కతో కట్టండి, అంటే మూల నుంచి ఒక వైపు 3, ఇంకో వైపు 4 కొలిస్తే ఆ కొసల మధ్య 5 రావాలి. రెండు కర్ణాలూ 9 మీటర్ల 22 సెం.మీ. రావాలి. ముగ్గుపిండి రుద్దిన నూలుదారాన్ని బిగించి, మధ్యలో పట్టి లాగి వదిలితే గీత పడుతుంది. మొత్తం 168 గడులు, నలభై మంది పిల్లలుంటే తలా నాలుగు. చుక్కల ముగ్గు వేసే చేతికి ఈ పని ఇట్టే పట్టుబడుతుంది. పెయింటరు కన్నా వాళ్ళే బాగా వేస్తారని నా నమ్మకం.

రంగు సంక్రాంతి తర్వాత వెయ్యండి. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అప్పటి చెమ్మ గచ్చులో ఉండగానే ఎనామిల్ వేస్తే పొక్కులు లేస్తాయి. కొత్త గచ్చయితే కనీసం నాలుగు వారాలు ఆగాలి, సిమెంటులోని సున్నపు గుణం నూనె రంగును తినేస్తుంది. రోడ్డు గీతలకు వాడే పెయింటు మేలు. తడిగా ఉండగానే జల్లించిన సన్నటి ఇసుక పలచగా చల్లితే వానకు జారరు. గచ్చు మీద కాక ఫ్లెక్స్ మీద పటం వేయిస్తే దాన్ని మడత పెట్టకుండా పైపుకు చుట్టాలి, మడత పడిన చోటల్లా రంగు చిట్లుతుంది.

రంగు అంచుకూ గడులకూ మాత్రమే. పేర్లు రాయొద్దు. రాశారంటే పిల్లలు చదువుతారు, వెతకరు. రాష్ట్రాల, జిల్లాల హద్దులు సుద్దముక్కతో గీయించండి. 2014లో రాష్ట్రం మారింది, 2022లో జిల్లాలు మారాయి, పెయింటు మాత్రం అలాగే ఉండిపోతుంది. మట్టితో అడుగెత్తు హిమాలయాలు కట్టడమూ నాకు నచ్చదు. ఈ కొలతలో ఎవరెస్టు ఎత్తు 1.8 సెంటీమీటర్లు, తిరుమల కొండ రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. రెండు పాత పుస్తకాలు పరిచి ఎవరెస్టు ఇంతే అని చూపించండి, దేశం ఎంత వెడల్పో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

దయచేసి 'తొక్కొద్దు, రంగు పోతుంది' అనొద్దు. తొక్కడానికే వేసింది. అయిదో తరగతి పిల్ల పాదం ఇరవై, ఇరవై రెండు సెంటీమీటర్లు. మడమ తిరుపతి మీద పెడితే బొటనవేలు చెన్నై దగ్గర పడుతుంది. అది 110 కిలోమీటర్ల తిన్నని దూరం. పాదం వెనక పాదం పెట్టుకుంటూ ఢిల్లీకి పదహారు. రోడ్డు దూరం ఎందుకు ఎక్కువని వాళ్ళే అడుగుతారు, ఆ రోజు పాఠం అదే. అంతా మొదటి పీరియడ్‌లోనే కానివ్వండి. మార్చి దాటితే పదకొండింటికి ఆ గచ్చు మీద ఉత్త కాళ్ళు నిలవవు.

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల పటానికి రంగే వద్దు. మైదానంలో పది మీటర్ల చోటు, మీటరుకు 25 కిలోమీటర్లు. కుప్పం ఒక కొస, శ్రీహరికోట ఇంకో కొస. నీలం నైలాను తాళ్ళతో పాలారు, నీవా, స్వర్ణముఖి పరిపించండి. చిత్తూరు మీదుగా వచ్చే నీవా దక్షిణానికి పోయి పొన్నై ద్వారా పాలారులో కలుస్తుంది, స్వర్ణముఖి తిరుపతి దాటి తూర్పు సముద్రానికి. రెండింటి నడుమ మిట్ట ఎక్కడుందో పిల్లల్నే నిలబడి చూపమనండి. పనయ్యాక ప్రతి తాడు కొసకూ ఏటి పేరు రాసిన అట్టముక్క కట్టి చుట్టిపెట్టండి, లేకపోతే మరుసటి ఏడాదికి ఏది ఏ ఏరో తెలియదు.