పాత జీపుకి మిట్టమధ్యాహ్నం ఫొటోలా?

"పాత జీపు ఫొటో అదిరిపోవాలంటే" అనే మెసేజ్ ఈమధ్య తిరుపతిలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా కనిపిస్తోంది. నాకే ముగ్గురు పంపారు. అందులో ఉన్నవి ఇవి: మిట్టమధ్యాహ్నం ఎండలో తీయండి, ఫోన్ కెమెరా జూమ్ 0.5 (బాగా వెడల్పుగా చూపే లెన్సు) పెట్టి బంపరు దాకా వెళ్లండి. నీళ్లు ఎగిరేలా ఏట్లోకి దూకించండి. తలకోన వైపు అడవిలోకి దించితే అడిగేవాళ్లుండరు. చివర్లో, గ్రిల్‌కి ఏడు స్లాట్లు (నిలువు సందులు) ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధం జీపేనట. వీటిలో ఒక్కటీ నిలబడదు.

ముందు ఎండ మాట. పాత జీపులో వంపులు తక్కువ, రేకును మడిచి పెట్టె చేసినట్టుంటుంది. బానెట్ పైభాగం ఒక వెలుగులో, పక్క ఇంకో వెలుగులో ఉంటేనే ఆ మడతలు తెలుస్తాయి. తిరుపతి ఉన్నది 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఇంకోసారి పొద్దు సరిగ్గా నడినెత్తికి వస్తుంది. అప్పుడు తీస్తే బానెట్ తెల్లగా మాడిపోతుంది, గ్రిల్, చక్రాలు నల్లటి గుంటల్లా మిగులుతాయి.

మనకు కొండ ఉంది, దాన్ని వాడుకోవాలి. ఊళ్లోంచి చూస్తే శేషాచలం ఉత్తరాన ఉంటుంది. ఆ రాతి చరియలు దక్షిణానికి, అంటే మనవైపు తిరిగి ఉంటాయి. డిసెంబరులో పొద్దు నైరుతి వైపు ఒరిగి కుంకుతుంది కాబట్టి సాయంత్రపు ఎండ జీపు మీదా చరియ మీదా ఒకేసారి ఏటవాలుగా పడుతుంది. జూన్‌లో పొద్దు వాయవ్యం వైపు జరుగుతుంది, చరియ నీడలో పడి బూడిదరంగు గోడలా కనిపిస్తుంది. చోటు అదే, జీపూ అదే. పైగా మన దగ్గర పొద్దు దాదాపు నిలువునా దిగుతుంది, మెత్తటి వెలుగు ఎక్కువసేపు ఆగదు. అయిదింటికల్లా బండిని నిలబెట్టి, ముందు అద్దం తుడిచి పెట్టుకోవాలి.

ఇక 0.5. బంపరుకి రెండడుగుల్లో నిలబడితే హెడ్‌లైట్లు గుమ్మడికాయలవుతాయి, వెనక చక్రాలు బొమ్మకారువి అవుతాయి. తప్పు లెన్సుది కాదు, మరీ దగ్గరికి పోవడానిది. ఇరవై అడుగులు వెనక్కి నడిచి 2ఎక్స్‌లోనో 3ఎక్స్‌లోనో తీయండి. మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను హెడ్‌లైట్ ఎత్తుకు తెస్తే గ్రిల్ ఠీవిగా నిలబడుతుంది, వెనక కొండ కూడా పెద్దదవుతుంది. అద్దంలో ఆకాశం మెరుస్తుంటే లెన్సు ముందు పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) పెట్టి తిప్పి చూడండి. చాలా పాత జీపుల్లో అసలు అద్దాన్నే బానెట్ మీదికి వాల్చేయొచ్చు.

నీళ్ల సలహా నేనూ ఒకప్పుడు నమ్మినవాణ్నే. ఒక నవంబరులో మిత్రుడి పెట్రోలు జీపును స్వర్ణముఖి పాయలోకి దించాం. ఫ్యాను నీళ్లను విసిరి, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను తడిపేసింది, ఇంజన్ నడిమధ్యలో ఆగింది. నలుగురం తోస్తే గట్టెక్కింది. వారం తర్వాత మెకానిక్ వెనక యాక్సిల్ ఆయిల్ దించితే పాలు పోసిన టీలా కారింది. వేడిమీదున్న యాక్సిల్ నీళ్లలో ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, అరిగిన సీళ్ల సందుల్లోంచి నీటిని పీలుస్తుంది. మిత్రుడు నాతో పది రోజులు మాట్లాడలేదు. ఇంతా చేస్తే ఆ ఫొటోలో నీళ్లు తప్ప జీపు కనపడదు! కదలికే కావాలంటే మట్టిరోడ్డు చాలు. షట్టర్ వేగాన్ని 1/60 (సెకనులో అరవయ్యో వంతు) దగ్గర పెట్టి బండితోపాటే కెమెరా తిప్పండి. 1/1000లో తీస్తే పరిగెత్తే జీపు కూడా పార్క్ చేసినట్టే ఉంటుంది.

అడవిలో అడిగేవాళ్లు లేకేం? తలకోన శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కులో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లోపలికి పోవాలంటే పర్మిట్ ఉండాలి. పర్మిట్ దేనికి ఇవ్వొచ్చో చెప్పే జాబితాలో ఫొటోగ్రఫీ కూడా ఉంది. అంటే అడిగే దారి ఉంది. అడక్కుండా ఎర్రచందనం అడవిలోకి పాత జీపుతో పోయి, ఫొటోల కోసం వచ్చామంటే ఎవరు నమ్ముతారు?

స్లాట్ల లెక్క తిరగబడింది. యుద్ధకాలపు విల్లీస్ కంపెనీ జీపు‌కి రేకుతో కొట్టిన గ్రిల్‌లో తొమ్మిది స్లాట్లుండేవి, ఏడు వచ్చింది తర్వాతి సివిల్ జీపులకు. మన రోడ్ల మీద కనిపించే ఎత్తు బానెట్ బండి సీజే 3బీ రకం, మహీంద్రా ఇక్కడ తయారుచేసింది. అమెరికాలో ఆ మోడల్ వచ్చిందే 1953లో, యుద్ధం 1945లోనే ముగిసింది. కొత్త ఇంజన్ ఎత్తు పెరిగింది కాబట్టి బానెట్ ఎత్తారు.

ఆ మెసేజ్‌కి "యుద్ధం చూసిన జీపు" అని ఒక ఫొటో కూడా జతచేశారు. పెద్దది చేసి చూశాను. ఎత్తు బానెట్, ఏడు స్లాట్లు.