చిక్కదనం పిచ్చి

కారుతో ఇచ్చిన పుస్తకంలో స్పష్టంగా ఉంది, 0డబ్ల్యూ-16 అనే పల్చటి ఇంజిన్ ఆయిల్ పోయాలని. ఆటోనగర్‌లో మెకానిక్ ఏం పోశాడు? బాగా చిక్కటి 20డబ్ల్యూ-50! అడిగితే, "బెజవాడ ఎండలకు నీళ్లలాంటి ఆయిల్ ఆగదు సార్, చిక్కగా ఉండాలి" అన్నాడు. ఇది ఆయిలా, గేదె పాలా?

బయట 45 డిగ్రీలు ఉంటే ఏమిటి, 30 ఉంటే ఏమిటి? బాగా వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ ఎలాగూ ఇంచుమించు 90, 100 డిగ్రీల్లో కాగుతుంటుంది. ఆయిల్ పేరులో చివరి అంకె, అంటే ఆ 16, 50 చెప్పేది 100 డిగ్రీల దగ్గర చిక్కదనం గురించే. పైగా నా కారు హైబ్రిడ్, పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీతోనూ నడిచేది. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది, బ్యాటరీతో కదులుతుంది, వారధి ఎక్కేసరికి మళ్లీ ఇంజిన్ అందుకుంటుంది. ఊళ్లో చిన్న ప్రయాణాల్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కేదే తక్కువ. ఆ సగం చల్లారిన బంకను తోసుకుంటూ తిరగడానికి పెట్రోలు ఎవరి జేబులోంచి పోతుంది? లీటరుకు కిలోమీటరు పైనే తగ్గింది. "అంతేనా?" అంటారు. లక్షలు అదనంగా పోసి హైబ్రిడ్ కొన్నది ఆ "అంతే" కోసమే కదా!

షోరూముకు వెళితే, "డ్రమ్ములో ఉన్నదే పోస్తాం" అన్నారు. డ్రమ్ములో ఏముందో బిల్లు చెప్పదు. 'ఇంజిన్ ఆయిల్' అని ఒక్క ముక్క. హోటల్ బిల్లు మీద 'తిండి' అని రాసిస్తే ఊరుకుంటామా?

చివరికి 0డబ్ల్యూ-16 డబ్బా నేనే కొనుక్కుని ఆటోనగర్ వెళ్లాను. మెకానిక్ మూత తీసి, వేలితో తడిమి, పక్కవాడితో అన్నాడు: "కల్తీ సరుకు."