నవ్వులపాలు చేసిన మనిషికి ఫార్వర్డ్ మెసేజ్ చాలదు

ముస్లింలు క్షమాపణ వేడుకునే రాత్రి షబే బరాత్ దగ్గర పడిందంటే హైదరాబాద్‌లో ఫోన్లన్నీ ఒకే మెసేజ్‌తో నిండిపోతాయి. 'తెలిసో తెలియకో నా వల్ల తప్పు జరిగితే మాఫ్ చేయండి.' ఇంటి ఓనర్‌కూ, దుబాయ్‌లో ఉన్న మేనమామకూ, నలుగురిలో మనం పరువు తీసిన స్నేహితుడికీ అదే మెసేజ్. ఈ చివరి మనిషికి అది చాలదని నా గట్టి అభిప్రాయం.

తౌబాకు, అంటే పశ్చాత్తాపపడి అల్లాహ్ వైపు మళ్లడానికి, మూడు షరతులు అందరికీ తెలిసినవే: ఆ తప్పు మానేయాలి, చేసినందుకు బాధపడాలి, మళ్లీ చేయకూడదని నిశ్చయించుకోవాలి. తప్పు సాటి మనిషికి సంబంధించినదైతే నాలుగోది కూడా ఉందని 13వ శతాబ్దపు పండితుడు ఇమామ్ నవవీ రాశారు. ఆ మనిషి హక్కు తీర్చాలి. సొమ్మయితే తిరిగివ్వాలి, చాటున చెడుగా మాట్లాడితే ఆయన్నే మాఫీ అడగాలి. రాత్రంతా మక్కా మసీదులో నమాజు చేసినా ఈ బాకీ అలాగే ఉంటుంది.

ఎగతాళిని మనం చిన్న విషయం అనుకుంటాం. ఖుర్ఆన్ అలా అనుకోలేదు. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, వాళ్లే మీకంటే మంచివాళ్లు కావచ్చని, చెడ్డ పేర్లు పెట్టి పిలవొద్దని సూరా (అధ్యాయం) హుజురాత్ 11వ ఆయత్ (వాక్యం) చెబుతుంది. తౌబా చేయనివాళ్లు దుర్మార్గులని అదే ఆయత్ ముగుస్తుంది. మన బస్తీల్లో లంగ్డా (కుంటోడు), మోటూ (లావుపాటోడు), హక్లా (నత్తోడు) అనే పిలుపులు ఎంత మామూలైపోయాయో చూడండి. అసలు పేరు పెళ్లి కార్డు మీద చూసి తెలుసుకోవాల్సిందే!

నత్తి ఉన్న కుర్రాడు ఇరానీ హోటల్లో 'దో చాయ్' అని చెప్పడానికి అవస్థ పడుతుంటే, పక్కవాడు రికార్డ్ చేసి గ్రూపులో పెట్టాడనుకుందాం. నలభై మంది నవ్వారు. తర్వాత వాడు ఒంటరిగా చెవిలో 'సారీ భాయ్' అంటే సరిపోతుందా? నలుగురిలో పోయిన పరువు నలుగురిలోనే తిరిగి రావాలి. ఆ ఆడియో తీసేయాలి, చేసింది తప్పని అదే గ్రూపులో రాయాలి, ఇంకెవరైనా దాన్ని పంపితే అడ్డుకోవాలి. కష్టమే, కానీ వేరే దారి నాకు కనిపించడం లేదు.

ప్రవక్త సహచరుడు అబూ జర్ ఒకసారి ఒకతన్ని తల్లి పేరు ఎత్తి అవమానించారు. 'నీలో ఇంకా అజ్ఞాన కాలపు (ఇస్లాంకు ముందటి) గుణం ఉంది' అని ప్రవక్త (స) మందలించారు, సేవకులకు మీరు తొడుక్కునేదే తొడిగించండి అన్నారు. హదీసుల (ప్రవక్త మాటలు, చేతల) గ్రంథం సహీహ్ బుఖారీలో ఉన్న ఈ ఉదంతంలో నన్ను ఆకట్టుకునేది మరొకటి. తర్వాత రబజా అనే ఊళ్లో అబూ జర్‌ను చూసినవాళ్లకు, ఆయనా ఆయన సేవకుడూ ఒకే రకం బట్టల్లో కనిపించారు. కారణం అడిగితే తన తప్పునే చెప్పుకొచ్చారు. ఆ పశ్చాత్తాపం ఒంటి మీది బట్ట దాకా వచ్చింది.

ఇక బాధపడ్డ మనిషి మాటేమిటి? క్షమిస్తే ప్రతిఫలం అల్లాహ్ దగ్గరుందని సూరా షూరా 40వ ఆయత్ అంటుంది. అయితే చెడుకు అంతే చెడు ప్రతిఫలమని ముందే చెప్పింది, అంటే క్షమించడం అతని ఇష్టం. 'పండగ పూట వదిలెయ్ బేటా' అని పెద్దలు అతని మీదే ఒత్తిడి పెడుతుంటారు. నవ్వినవాణ్ని మాత్రం ఎవరూ పక్కకు పిలిచి అడగరు. ముందు పిలవాల్సింది వాణ్ని.