ఇంకా టర్బో పెట్టించలేదా?

నా దగ్గర 2002 నాటి హోండా ఎస్2000 స్పోర్ట్స్ కారు ఉంది. డాలస్‌లో మా ఇంటికొచ్చే చుట్టాలు, స్నేహితులు దాన్ని చూడగానే అడిగేది ఒకటే. "ఇంకా టర్బో పెట్టించలేదా?" టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా ఎక్కించి బలం పెంచే యంత్రం. పెళ్లీడు దాటిన కూతుర్ని ఇంట్లో పెట్టుకున్న తండ్రిని చూసినట్టు చూస్తారు నన్ను. కొంచెం జాలి, కొంచెం అనుమానం.

మొన్న ఆదివారం ఏకంగా పెళ్లిచూపులే పెట్టారు. వంటింట్లో బిర్యానీ వడ్డిస్తుంటే మగవాళ్లంతా ప్లేట్లతో గ్యారేజీలోకి వచ్చి బానెట్ ఎత్తించారు. డేటాబేస్ ఆయన ఒకరు, క్లౌడ్ ఆయన ఒకరు, పేరోల్ సాఫ్ట్‌వేర్ ఆయన ఒకరు. ముగ్గురూ కలిసి జీవితంలో ఒక్క స్పార్క్ ప్లగ్గు కూడా విప్పి ఉండరు. నడుమ మా బామ్మర్ది, పెళ్లిళ్ల పేరయ్య హోదాలో.

మొదటి సంబంధం సూపర్‌ఛార్జర్, అదీ గాలి ఎక్కించేదే. ఇది ఇల్లరికపు అల్లుడి బాపతు. బెల్టుతో ఇంజిన్ ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్‌కి కట్టేస్తారు, ఇక ఇంజిన్‌తోనే తిరుగుడు, ఇంజిన్ సొమ్మే తిండి. సంపాదించి పెట్టే ముందు తన వాటా తాను తీసుకుంటుంది. "కానీ మాట వింటుంది బావా, తొక్కగానే పలుకుతుంది, ల్యాగ్ ఉండదు" అన్నాడు మా వాడు.

రెండోది టర్బో. దీనికి తిండి ఖర్చు లేదట. మనం బయటికి పారేసే పొగతోనే తిరుగుతుందట. చద్దన్నం తిని బతికే అల్లుడన్నమాట. తీరా పిలిస్తే మాత్రం "వస్తున్నా, వస్తున్నా" అంటూ కాసేపటికి వస్తాడు, వచ్చాక ఇల్లు పీకి పందిరేస్తాడు. పైగా చద్దన్నం కూడా ఉత్త పుణ్యానికి రాదు. పొగ వెళ్లే దారిలో టర్బైన్ అడ్డంగా కూర్చుంటే వెనక ఒత్తిడి పెరుగుతుంది, ఆ బరువు మోసేదీ ఇంజినే.

ముప్పావుగంట సాగింది వాదన. క్లౌడ్ ఆయన సూపర్ పక్షం, డేటాబేస్ ఆయన టర్బో పక్షం. పేరోల్ ఆయన "రెండూ పెడితే?" అన్నాడు, మూడు ముళ్లూ ఇద్దరిచేత వేయిద్దామన్నంత ధీమాగా. ఆ వేడిలో ఎవరో ప్లేటు తెచ్చి ఇంజిన్ మీదే పెట్టారు. ఎర్రటి వాల్వ్ కవర్ మీద మిర్చీ సాలన్ బొట్టు ఒకటి పడి, మెల్లగా ప్లగ్గుల వైపు జారింది. నేను చూస్తూనే ఉన్నాను. పెళ్లికూతురు తండ్రిని కదా, ఏమంటాను?

అసలు ఈ అమ్మాయికి ఏం వచ్చో ఒక్కరూ అడగలేదు. నేనే చెబుతాను. ఇంజిన్‌కి బలం రావాలంటే గాలి ఎక్కువ తాగించాలి. గుటక పెద్దదైనా చేయాలి, గుటకల వేగమైనా పెంచాలి. టర్బో, సూపర్‌ఛార్జర్ రెండూ చేసేది మొదటి పని. హోండా వాళ్లు 1999లో రెండో దారి పట్టారు. రెండు లీటర్లు, నాలుగు సిలిండర్లు, 9,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 9,000 చుట్ల దాకా పరుగు. ఆ వేగంలో ఒక్కో పిస్టన్ సెకనుకు 150 సార్లు పైకెక్కి దిగుతుంది. 6,000 దగ్గర వీటెక్, అంటే వాల్వులను ఇంకా ఎక్కువ తెరిపించే ఏర్పాటు, క్యామ్ మార్చుకోగానే గొంతు మారిపోతుంది. టార్క్, అంటే తిప్పే బలం, గరిష్ఠానికి చేరేది 7,500లో, పవర్ 8,300లో. ఏ అల్లుడి సాయం లేకుండా 240 హార్స్‌పవర్.

మరి మా వాళ్లు గేరు ఎక్కడ మారుస్తారు? మూడు వేలలో. పోయిన నెల తాళం ఇస్తే మా బామ్మర్ది ఊరంతా తిప్పుకొచ్చి "పికప్ లేదు బావా" అన్నాడు. రెండంతస్తుల ఇంట్లో మెట్ల దగ్గరే నిలబడి ఇల్లు ఇరుగ్గా ఉందన్నట్టు.

ఇంకో తమాషా. ఈ కారుకు ఎక్కువగా బిగించే సూపర్‌ఛార్జర్ సెంట్రిఫ్యూగల్ రకం. దాని బూస్ట్, అంటే అది నెట్టే గాలి ఒత్తిడి, దాదాపు వేగం వర్గంతో పెరుగుతుంది. సగం ఆర్‌పీఎంలో దక్కేది పావు వంతు బూస్టే. అంటే మూడు వేలు దాటని మనిషి అంత డబ్బు పోసి పెట్టించుకున్నా దాని మొహం కూడా చూడడు. అది కాపురం చేసేది పై అంతస్తులోనే.

టర్బో అంటే నాకు పగ లేదు. దాని కోసమే పుట్టించిన ఇంజిన్‌కి పెట్టండి, దండం పెడతాను. ఫెరారీ వాళ్లు 458లో 9,000 తిరిగిన వీ8ని పక్కనపెట్టి, 2015లో 488కి టర్బోల కోసమే వేరే ఇంజిన్ కట్టారు, 8,000 దగ్గర గీత గీశారు. వాళ్లు లెక్క చూసుకుని చేశారు. ఇక్కడ మా పక్క వీధి కుర్రాడు ఏం చేశాడు? తన ఎస్2000లో 11 కంప్రెషన్ ఉన్న, అంటే గాలిని ముందే పదకొండో వంతుకు నొక్కేసే ఇంజిన్‌కి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన టర్బో కిట్ తెచ్చి బిగించాడు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పాతవే. ట్యూనింగ్ "వచ్చే నెల చూద్దాం" అన్నాడు. పెట్రోలు చాలక, వేడెక్కి, నాకింగ్, అంటే పెట్రోలు తనంతట తానే పేలడం, మొదలై మూడో సిలిండర్ పిస్టన్ పగిలింది. సిలిండర్ గోడ చీరుకుపోయింది. అది మామూలు ఇనుప గోడ కాదు, ఏ షెడ్డులో పడితే అక్కడ బోరు కొట్టించడానికి. ఫైబర్ కలిపి పోసిన లోహం. ఈ కారు తయారీ 2009లో ఆగిపోయింది. ఇక రావు! ఉన్నవే లెక్క, అందులో ఒకటి తగ్గింది. 9,000 తిరగగల ఇంజిన్‌ని ఒక్కసారైనా పైకి తీసుకెళ్లకుండా చంపావు కదరా! ఎవడిచ్చాడు నీకా హక్కు? డబ్బిచ్చి కొనుక్కున్నావా? కొంటే మాత్రం?

నిన్న ఆ కుర్రాడు కారు అమ్మకానికి పెట్టాడు. "బాడీ బాగుంది. ఇంజిన్ పనిచేయదు. టర్బో మాత్రం కొత్తదే" అని రాశాడు.

ఆ ప్రకటన నాకు పంపింది మా బామ్మర్దే. కింద ఒక ముక్క రాశాడు. "బావా, టర్బో ఒక్కటీ విడిగా ఇస్తాడేమో అడగనా? మనదానికి సరిగ్గా సరిపోతుంది."