సవరణ: పికప్ ఫాగ్ లైట్ల ఫ్యూజు గురించి

పికప్ బండికి రెండు 55 వాట్ల ఫాగ్ లైట్లు వేశాక 15 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే 30ది వేయమని మొన్న రాశాను. అది తప్పు, ప్రమాదం కూడా. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడడానికి. రెండు బల్బులూ కలిసి లాగేది 9, 10 ఆంపియర్లే; 15 కూడా ఆగడం లేదంటే చాలాసార్లు వైరు ఎక్కడో ఒరుసుకుని బండి బాడీకి తగిలి షార్ట్ అవుతున్నట్టే. అప్పుడు 30 వేస్తే ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది.

ముందు గ్రిల్ వెనక, ఛాసిస్ అంచుల దగ్గర వైరు తొడుగు చూడండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, రిలే (డాష్‌బోర్డు స్విచ్ మీద భారం పడకుండా లైట్లకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్) పెట్టించండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు లోపే ఉండాలి. పోయిన ఫ్యూజు స్థానంలో అదే రేటింగుది వేయాలన్నది సర్వీసు మాన్యువల్లో ఉన్నదే. 30 వేసేసినవాళ్లు ఈరోజే తీసేయండి.