గుండు సాక్ష్యం

మొక్కుకున్నది మా ఆవిడ. ఇవ్వవలసిన తల నాది.

అబ్బాయికి ఇంజనీరింగులో మిగిలిపోయిన సబ్జెక్టులన్నీ ఒక్క దెబ్బకు పాసైతే తలనీలాలు సమర్పిస్తామని ఆమె స్వామివారికి మాట ఇచ్చింది. ఎవరి తల అన్నది అప్పుడు చెప్పలేదు, ఫలితాలు వచ్చాక చెప్పింది. అనుమతి లేకుండా ఒకరి తరఫున మరొకరు కుదుర్చుకున్న ఒప్పందం అసలు మనిషి ఆమోదిస్తేనే చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఉందని వివరించాను. "ఆ చట్టాలు మీ కోర్టులో చెప్పుకోండి, కొండ మీద చెల్లవు" అంది. మా ఇంట్లో నేను వేసిన పిటిషన్లు అడ్మిషన్ దశ దాటిన దాఖలా లేదు.

ఆదివారం తెల్లవారుజామున కల్యాణకట్టలో టోకెనూ సగం బ్లేడూ పుచ్చుకుని కూర్చున్నాను. క్షురకుడు నా తల వంచి, నీళ్లు చల్లి, నుదుటి నుంచి వెనక్కి జర్రున లాగాడు. కణతల దగ్గర నెరిసిన వెంట్రుకలు ముందుగా ఒళ్లో పడ్డాయి. నేను ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణని కక్షిదారులు నమ్మేది వాటిని చూసే. ఆ కాస్త పెద్దరికమూ ఏడుకొండలవాడికే అప్పగించి, గుండుకు గంధం పూసుకుని దిగి వచ్చాను.

వేరే ఊళ్లో గుండు మంచి ఆనవాలు. తిరుపతిలో ఉన్న ఆనవాళ్లు కూడా దాంతో చెరిగిపోతాయి. బస్టాండులో నిలబడి "గుండాయనా!" అని పిలిచి చూడండి, సగం ప్లాట్‌ఫారం తిరిగి చూస్తుంది. సోమవారం ఉదయం కోర్టు ఆవరణలో నా గుమాస్తాయే నా పక్కనుంచి వెళ్తూ, "కొంచెం జరగండి స్వామీ, మా లాయరుగారు వచ్చే వేళయింది" అన్నాడు.

ఆ రోజు నాకు ఉన్నది ఒకే కేసు. కొత్త చట్టాలు రాకముందు నమోదైన 379వ సెక్షను కేసు, అంటే దొంగతనం. పలమనేరు వైపు పల్లె నుంచి దర్శనానికి వచ్చిన ఒక అవ్వ దగ్గర, "అమ్మా, బస్సు ఎక్కేదాకా సంచి నేను పట్టుకుంటాను" అని ఒకడు మర్యాదగా అడిగి, అంతకన్నా మర్యాదగా మాయమయ్యాడు. సంచిలో మనవడి కోసం కొన్న వెండి మొలతాడు, కొంత డబ్బు ఉన్నాయి. పోలీసులు చాలా వెతికారు. సంచి దొరకలేదు, దొంగ మాత్రం దొరికాడు. అతనే నా కక్షిదారు.

సొత్తు దొరకలేదు కాబట్టి కేసంతా అవ్వ వేలి చివర ఉంది. ఇలాంటప్పుడు దర్యాప్తులోనే గుర్తింపు పరేడ్ పెట్టిస్తారు. మేజిస్ట్రేటు ఎదుట ముద్దాయిని అదే వయసు, అదే ఒడ్డూపొడుగూ ఉన్న మరికొందరి మధ్య నిలబెట్టి సాక్షిని చూపించమంటారు. పాత సాక్ష్య చట్టంలో అది తొమ్మిదో సెక్షను, కొత్త చట్టంలో ఏడు. (2024 జూలై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చినప్పటి నుంచి మేమంతా మళ్లీ ఎక్కాలు చదివే పిల్లలమయ్యాం. మోసగాణ్ణి నోరారా 420 అని తిట్టే హాయి కూడా పోయింది. ఇప్పుడు 318 అనాలి. తిట్టినట్టే ఉండదు.) ఈ కేసులో ఆ పరేడ్ పెట్టలేదు. పెట్టినా అది ఊతమే తప్ప అసలు సాక్ష్యం కాదు. కోర్టు హాల్లో, జడ్జిగారి ముందు, సాక్షి ముద్దాయిని చూపించడమే అసలు సాక్ష్యం. నా వాదనంతా దాని చుట్టూ తయారు చేసుకున్నాను.

మా జడ్జిగారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. తిరుపతిలో న్యాయమూర్తి ఉద్యోగం ఎంత కష్టమో బయటివారికి తెలియదు. పోస్టింగు వచ్చిందనగానే అభినందించడానికి ఫోను చేసిన ప్రతి బంధువూ రెండో మాటగా దర్శనం సంగతి అడుగుతాడు. ఎప్పుడో పెళ్లిలో కనిపించిన మేనత్తగారి ఆడపడుచు కొడుకు సంసారంతో సహా దిగుతాడు. జడ్జి అన్నవాడు ఊళ్లో ఎవరినీ ఏదీ అడగకూడదు. అడగకపోతే ఇంట్లో తలెత్తుకోలేడు. మూడు వందల రూపాయల టికెట్టు ఆన్‌లైనులో ఎలా తీసుకోవాలో వివరించడంలో ఆయన ఇప్పుడు దిట్ట అని విన్నాను. మా అవస్థ కూడా అదే. హత్య కేసులో బెయిలు ఇప్పించిన లాయరును బ్రేకు దర్శనం ఇప్పించలేదని చేతకానివాడిగా తీసిపారేసిన కక్షిదారులు ఉన్నారు.

ఏప్రిల్ ఎండ. వేసవిలో కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమం ఉంది కనుక కోటు కుర్చీకి తగిలించి తెల్లచొక్కా, మెడలో తెల్ల బ్యాండ్లతో నిలబడ్డాను. నా కక్షిదారు వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. తెల్లచొక్కా. గుండు. కేసు కొట్టేస్తే ఇస్తానని మొక్కుకుని, ఎందుకైనా మంచిదని ముందే ఇచ్చేశాడట. ఆ విషయం నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

అవ్వ బోనెక్కి ప్రమాణం చేసింది. కథంతా తడబడకుండా చెప్పింది. ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ గారు హుషారుగా, "ఆ సంచి పట్టుకుపోయిన మనిషి ఈ హాల్లో ఉన్నాడా అమ్మా?" అని అడిగారు.

అవ్వ కళ్లు చికిలించి హాలంతా చూసింది. చూపు గోడ దాకా వెళ్లనే లేదు, నా తల దగ్గరే ఆగిపోయింది. చెయ్యి చాచింది.

"ఇదిగో, వీడే. ఆ రోజు మెడలో ఈ తెల్ల పీలికలు లేవు."

హాలు గొల్లుమంది. జడ్జిగారు నవ్వలేదు. ఆ ఉద్యోగంలో తీర్పు రాయడం ఒక లెక్కా, నవ్వు ఆపుకోవడం ముందు? ఆయన ఫైలులోకి తల దించి చాలాసేపు ఏదో వెతికారు. తర్వాత, "అమ్మా, ఆయన లాయరు. బాగా చూసి చెప్పు" అన్నారు.

"లాయరైతే మాత్రం, కడుపు ఉండదా నాయనా?" అంది అవ్వ.

ఏపీపీ గారు సాక్షి ఎదురు తిరిగినట్టు ప్రకటించమని కోరారు. "ఆమె ఎక్కడ ఎదురు తిరిగింది? దొంగతనం జరిగిందనే చెబుతోంది. మనిషే మారాడు" అన్నారు జడ్జిగారు. స్టెనోకు వాక్యం చెప్పారు: "సాక్షి ముద్దాయి తరఫు న్యాయవాదిని చూపి, సంచి తీసుకుపోయింది ఇతనేనని చెప్పింది." టైపు టకటకలాడింది. నా వైపు తిరిగి ఎంతో సౌమ్యంగా అడిగారు.

"క్రాస్ ఉందా?"

వకీలుకు ఇంతకన్నా ఇరుకు ఉండదు. సాక్షి చెప్పినదాన్ని క్రాసులో ప్రశ్నించకపోతే దాన్ని ఒప్పుకున్నట్టే లెక్క అని జూనియర్లకు పాఠం చెప్పేది నేనే. "క్రాస్ లేదు" అంటే దొంగను నేనేనని రికార్డుకు ఎక్కుతుంది. పోనీ గట్టిగా అడిగి ఆమె పొరబడిందని రుజువు చేద్దామంటే, ఆమె మరోసారి చూస్తుంది, ఈసారి గోడ దాకా చూస్తుంది, నా కక్షిదారు జైలుకు పోతాడు. నా పరువు నిలబడాలంటే నా కేసు పడిపోవాలి. వెనక్కి చూశాను. కక్షిదారు రెండు చేతులూ జోడించి నాకు దణ్ణం పెడుతున్నాడు. అంత భక్తి కొండ మీద కూడా చూడలేదు.

తిరుచానూరులో పుట్టి, వకీలుగా పనిచేసి, 1956లో లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు గుర్తుకొచ్చారు. ఈ వృత్తి మనిషిని ఎక్కడికైనా తీసుకుపోగలదు.

"క్రాస్ లేదు సర్" అన్నాను.

జడ్జిగారు ఐదు నిమిషాలని చెప్పి లేచి ఛాంబరులోకి వెళ్లారు. తలుపు మూసుకోగానే లోపల పెద్ద దగ్గు మొదలైంది. ఎంతకీ ఆగలేదు. డఫేదారు మంచినీళ్లు పట్టుకుని వెళ్లి, తానూ దగ్గుతూ బయటికి వచ్చాడు.

మధ్యాహ్నం వరండాలో అవ్వ కనిపించింది. సాక్షి బత్తా కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక అటూ ఇటూ తిరుగుతోంది. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో కొత్త సంచి. అంత ఎండలో ఆమెను చూసి మనసాగలేదు. "అమ్మా, ఆ సంచి ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను" అన్నాను. అన్న తర్వాత గానీ ఏమన్నానో చెవికి ఎక్కలేదు. అవ్వ కర్ర పారేసి సంచిని రెండు చేతులా గుండెకు హత్తుకుని, "పోలీసూ!" అని ఒక్క కేక పెట్టింది. పరుగెత్తుకొచ్చిన కానిస్టేబులు నన్ను ఎరుగున్నవాడే, కానీ గుండుతో ఎరగడు. బార్ గుర్తింపు కార్డు తీసి చూపించాను. అతను ఫొటోలోని జుట్టును, నా తలను చాలాసేపు మార్చి మార్చి చూశాడు. చివరికి బత్తా కాగితం మా గుమాస్తా చేత ఇప్పించాను, దూరం నుంచే.

కేసు కొట్టేశారు. ముద్దాయిని గుర్తించలేదు కనుక అనుమానపు లబ్ధి. జడ్జిగారు దయగలవారు, తీర్పులో సాక్షి "హాల్లో ఉన్న మరొకరిని" చూపిందని రాశారు. కానీ వాంగ్మూలంలో ఆ దయకు చోటు లేదు. బార్ అసోసియేషన్‌లో ఎవరో ఫీజు కట్టి మరీ దాని సర్టిఫైడ్ కాపీ తీయించారు. కొత్తగా ఎన్‌రోల్ అయిన పిల్లలు దాన్ని చదువుకుని, నేను గదిలోకి రాగానే మర్యాదగా లేచి సంచులు సర్దుకుంటున్నారు.

కక్షిదారు వారం తర్వాత ఫీజు తెచ్చాడు. లెక్కపెడితే సగమే ఉంది.

"మిగతా సగం?"

"సార్, మీరే చెప్పండి. కేసు గెలిచింది మీ వాదన వల్లనా, మీ గుండు వల్లనా?"

జవాబు చెప్పలేదు. రెండో సమాధానమే నిజమని ఇద్దరికీ తెలుసు.

"గుండు స్వామివారిది కదా సార్. ఆ వాటా ఆయన హుండీలో వేసేశాను."

"వేశావనడానికి రుజువేమిటి?"

"హుండీకి రసీదు ఇవ్వరు సార్" అని, నా బల్ల మీద లడ్డూ పెట్టి వెళ్లిపోయాడు.