గేమ్‌ను సినిమాగా చెడగొట్టు విధానము

వీడియో గేమ్‌ను సినిమాగా తీయదలచిన నిర్మాత ముందుగా చేయాల్సింది, జనం ఆ గేమ్‌ను ఎందుకు ఆడుతున్నారో కనుక్కోవడం. ఆ తర్వాత దాన్ని జాగ్రత్తగా ఏరి పారేయడం. హాలీవుడ్ చాలా ఏళ్ళు ఈ నియమం తప్పలేదు.

మారియోనే తీసుకోండి. ఆ గేమ్‌కు ప్రాణం ఎగరడం. బటన్ నొక్కితే ఎగురుతాడు, పుట్టగొడుగు తింటే పెద్దవాడవుతాడు, గూంబా అనే బుల్లి శత్రువు నెత్తిన దూకితే అది చస్తుంది. పలక పట్టని పిల్లకు కూడా రెండు నిమిషాల్లో తెలిసిపోయే ఈ సంగతిని 1993 సినిమాలో పెద్దలు దిద్దారు. రంగురంగుల పుట్టగొడుగుల రాజ్యం పోయి చీకటి నగరం వచ్చింది. పుట్టగొడుగు కాస్తా గోడలకు వేలాడే జిగురు బూజయింది. ఆ బూజు ఎవరో కాదు, పదవి పోయిన రాజుగారే! మోకాలెత్తు గూంబాలు గుమ్మంలో పట్టనంత పెరిగాయి, తలలు మాత్రం పిడికెడు. మారియో తనంతట తాను ఎగిరితే నమ్మరని మిషన్ బూట్లు తొడిగారు. దీన్ని చాలావరకు నార్త్ కరోలినాలో మూతపడిన ఓ సిమెంటు ఫ్యాక్టరీలో తీశారు. సిమెంటు దుమ్ము కోసం అంత దూరం దేనికి? సిమెంటు ఫ్యాక్టరీలున్న మా కడప జిల్లా ఎర్రగుంట్లకు వచ్చుంటే ఖర్చన్నా తగ్గేది. పెట్టిన డబ్బులైతే ఎట్లాగూ రాలేదు.

'డూమ్' గేమ్‌లో నరకం తలుపు తెరుచుకుంటుంది, దయ్యాలొస్తాయి, కాల్చాలి. 2005 సినిమాలో నరకాన్ని తీసేసి అదనపు క్రోమోజోమ్ పెట్టారు. తుపాకీ వెనక నుంచి, అంటే ఆడేవాడి కంటితో చూపించేది చివర్లో ఓ ఐదు నిమిషాలు. ఎడిటింగ్‌లో కత్తెర జారి మిగిలిపోయిందేమో.

'అసాసిన్స్ క్రీడ్' ఆడేది పాతకాలపు ఊళ్ళలో గోడలెక్కి, మిద్దెల మీద పరిగెత్తి, గడ్డి బండిలోకి దూకడానికి. 2016 సినిమాలో 1492 నాటి స్పెయిన్ ఉంది, కాదనలేం. కానీ ఎక్కువసేపు ఉండేది ఇప్పటి మాడ్రిడ్‌లోని ల్యాబ్‌లోనే. గండికోట చూపిస్తామని బస్సెక్కించి జమ్మలమడుగు బస్టాండులో దింపేసే టూరు ఇది.

కడపవాళ్ళకు ఈ బాధ కొత్తది కాదు. తెలుగు సినిమా గేముల జోలికి పోకముందే మమ్మల్ని తెరకెక్కించింది. శనగ, అరటి, నాపరాయి తీసేసి సుమోలు, బాంబులు, తొడగొట్టడం ఉంచింది. "యాడుందబ్బా ఈ ఊరు?" అనుకుంటూనే చూశాం. ఈలలేసింది కూడా మేమే, అది వేరే సంగతి.

కథ తోచని దర్శకుడికి 'హౌస్ ఆఫ్ ది డెడ్' మార్గం ఉంది: 2003లో వచ్చిన ఆ సినిమాలో సీన్ల మధ్య గేమ్ వీడియో ముక్కలే అతికించారు. 'స్ట్రీట్ ఫైటర్'ది ఇంకా పై చదువు. పిల్లలందరూ ముందుగా పట్టుకునే ర్యూ, కెన్ అనే వీరులను 1994 సినిమాలో చిల్లర మోసగాళ్ళను చేసి పక్కకు నెట్టారు. మరుసటి ఏడు ఆ సినిమా మీద మళ్ళీ గేమ్ వదిలారు!

ఇంత పకడ్బందీ విద్యకు 'సోనిక్'తో చేటొచ్చింది. 2019 ట్రైలర్‌లో నీలి ముళ్ళపందికి మనిషి పళ్ళు పెట్టారు. అంతా నియమం ప్రకారమే. చూసినవాళ్ళు గొల్లుమన్నారు. గొల్లుమననీ అని ఊరుకోకుండా బొమ్మను మొత్తం మార్చి, నవంబర్ విడుదలను 2020 ఫిబ్రవరికి జరిపారు. ఆడేవాళ్ళ మాట విన్న పాపానికి వాళ్ళు 2022లో ఒకటి, 2024లో ఇంకొకటి తీయాల్సి వచ్చింది.